బయోకెమిస్ట్రీ మర్చిపోయాను, డైటెటిక్స్‌లో పీజీ చేయగలనా?

వెన్నెల:
అందరికీ నమస్కారం. నాకు 27 ఏళ్లు. డిగ్రీలో జువాలజీ, కెమిస్ట్రీ చదివాను. నాలుగేళ్లుగా వాటితో సంబంధం లేని ఉద్యోగం. పోయినేడు మా నాన్నకి కిడ్నీలు దెబ్బతిన్నాయని తెలిసింది. ఓపిక వస్తుందని రోజూ రెండు గ్లాసుల పళ్లరసం నేనే తీసి ఇచ్చేదాన్ని. నెల తిరిగేసరికి రక్తంలో పొటాషియం ప్రమాదకరంగా పెరిగి 6.2 అయింది. రిపోర్టు చూడగానే డాక్టరు గారి ముఖం మారిపోయింది. ఆ తర్వాత డైటీషియన్ మేడం మా ఇద్దర్నీ కూర్చోబెట్టి, నాన్న రోజూ ఏం తింటారో ఆయన నోటితోనే చెప్పించి, ఒక్కోదాని పక్కన ఎంత తినొచ్చో రాసిచ్చారు. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ పని నేనూ చేయాలని అప్పుడే అనిపించింది.

కానీ బయోకెమిస్ట్రీ పూర్తిగా మర్చిపోయాను. న్యూట్రిషన్, డైటెటిక్స్ రెండూ ఒకటేనా? చివరికి బరువు తగ్గే చార్టులు రాసుకుంటూ ఉండిపోతానేమోనని టెన్షన్. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

సుభద్ర:
వెన్నెలా, నీకంటే పదేళ్లకు పైగా పెద్దదాన్ని, నువ్వు అనే అంటాను. హాస్పిటల్లో డైటీషియన్‌గా నాకిది పదకొండో ఏడు.

రెండూ ఒకటి కాదు. తిన్నది ఒంట్లో ఏమవుతుందో చెప్పే శాస్త్రం న్యూట్రిషన్. దాన్ని మంచం మీదున్న మనిషికి వర్తింపజేసే పని డైటెటిక్స్. చాలా దేశాల్లో దీనికి రిజిస్ట్రేషన్ కావాలి. అందుకే పేరు చూసి చేరిపోకు. నువ్వు పనిచేయాలనుకునే చోట ఆ కోర్సును గుర్తిస్తారా, సీనియర్ల పర్యవేక్షణలో ప్రాక్టికల్ ట్రైనింగ్ ఎన్ని గంటలు, ఈ రెండూ ముందు అడుగు. అంతర్జాతీయ డైటెటిక్ సంఘాల సమాఖ్య పెట్టిన కనీస ప్రమాణమే 500 గంటలు.

ఇక బయోకెమిస్ట్రీ. బట్టీ పడితే నిలవదు. నాకు అది బుర్రకెక్కింది క్లాసులో కాదు, ట్రైనింగ్‌లో. 70 ఏళ్ల పెద్దాయన, 45 కిలోలు, 165 సెంటీమీటర్లు. మూడు వారాలుగా దాదాపు ఏమీ తినలేదు. ట్యూబ్ ఫీడింగ్ మొదలుపెట్టాలి. కదలకుండా ఉన్నా ఒంటికి రోజుకు ఎన్ని క్యాలరీలు కావాలో చెప్పే మిఫ్లిన్ ఫార్ములా వేశాను: బరువును 10తో, ఎత్తును 6.25తో గుణించి కలిపి, వయసుకు ఐదు రెట్లు తీసేసి, మగవాళ్లకు 5 కలపాలి. 1,136 వచ్చింది. జబ్బు, కదలికల కోసం దాన్ని 1.3తో గుణించి సుమారు 1,480 క్యాలరీలని రాసి సీనియర్‌కి ఇచ్చాను. లెక్కలో తప్పు లేదు.

ఆవిడ కాగితం పక్కన పెట్టి, "రక్తంలో ఫాస్ఫేట్ ఎంతుంది?" అన్నారు. నేను చూడలేదు.

పస్తులున్న ఒళ్లు కొవ్వును కరిగించుకుని నెట్టుకొస్తుంది. ఒక్కసారిగా పిండిపదార్థం లోపలికి వెళ్తే ఇన్సులిన్ పెరుగుతుంది. అది రక్తంలోని ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియంలను కణాల్లోకి లాగేస్తుంది. గుండె లయ తప్పి ప్రాణమే పోవచ్చు. రీఫీడింగ్ సిండ్రోమ్ అంటే ఇదే. ఆవిడ ముందు థయమిన్ (విటమిన్ బి1) ఇప్పించి, కిలోకు 10 చొప్పున 450 క్యాలరీలతోనే మొదలుపెట్టారు. రోజూ రక్తపరీక్ష చూసుకుంటూ మెల్లగా పెంచారు. ఆ రాత్రి గ్లైకోలిసిస్ పాఠం, అంటే కణాల్లో గ్లూకోజ్ మెట్టు మెట్టుగా విడిపోయే తీరు, మళ్లీ చదివితే ఫాస్ఫేట్ కనిపించిన ప్రతిచోటా ఆ పెద్దాయనే గుర్తొచ్చాడు. అప్పటి నుంచి ఒక్క మెట్టు కూడా మర్చిపోలేదు.

నాకు ఫాస్ఫేట్ ఎలాగో, నీకు పొటాషియం అలాగ. నాన్నగారి 6.2 దగ్గర నుంచి మొదలుపెట్టు: మామూలుగా కిడ్నీ దాన్ని ఎలా బయటికి పంపుతుంది, ఇప్పుడు ఎందుకు పంపలేకపోతోంది? మెటబాలిజం, ఫిజియాలజీ సగం అందులోనే వచ్చేస్తాయి.

చార్టుల భయం వద్దు. ఐసీయూ, డయాలసిస్, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డు, అన్నిచోట్లా మన పని ఉంది.

కిరణ్:
సుభద్ర గారు హాస్పిటల్ వైపు చెప్పారు. నేను పబ్లిక్ హెల్త్ న్యూట్రిషన్‌లో ఉన్నాను. అందరూ బయోకెమిస్ట్రీకి భయపడతారు గానీ థీసిస్ దగ్గర మనల్ని ఆపేది స్టాటిస్టిక్స్. మొదటి సెమిస్టర్ నుంచే పట్టించుకోండి. ఇంకో మాట: నిన్న ఏం తిన్నారో అడిగి రాసుకునే 24 గంటల రీకాల్ తేలిక అనిపిస్తుంది. కానీ మనం ముఖం చిట్లిస్తే చాలు, అవతలివాళ్లు తిన్నది దాచేస్తారు. అడగడం నేర్చుకోవడానికే నాకు ఏడాది పట్టింది.

వెన్నెల:
ఇద్దరికీ చాలా థాంక్సండీ. సుభద్రక్కా, ఒక్కటి అడుగుతాను. ఇంటర్వ్యూలో ఎందుకు చేరాలనుకుంటున్నావు అంటే నాన్న సంగతి చెప్పొచ్చా? మరీ సొంత గోడులా ఉంటుందేమో.

సుభద్ర:
చెప్పు. పళ్లరసం నువ్వే తీసిచ్చావని కూడా చెప్పు. ఆ తర్వాత ఏం చదివి తెలుసుకున్నావో చెప్పు.