పద్నాలుగు టీచర్ల గ్రూపుల్లో ఉన్నా పాఠానికి పనికొచ్చేది దొరకడం లేదు. ఆన్‌లైన్‌లో నేర్చుకునే నెట్‌వర్క్ ఎలా కట్టుకోవాలి?

ప్రశ్న – ఏడో తరగతి లెక్కలు

వాట్సాప్, టెలిగ్రామ్ కలిపి పద్నాలుగు గ్రూపులు. రోజూ పీడీఎఫ్‌లు, గుడ్ మార్నింగ్‌లు, ఫార్వర్డ్‌లు. వాటిలో తరగతి గది దాకా వెళ్లేది దాదాపు ఏమీ ఉండదు. ఏదైనా అడిగితే జవాబులు రావు. వేరే చోట్ల టీచర్ల నుంచి నిజంగా నేర్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? వారానికి ఒక గంట మాత్రమే ఇవ్వగలను.

జవాబు – లవం హారం

గ్రూపుల సంగతి కాస్త పక్కనపెట్టి, ఈ టర్మ్‌కి ఒకే ఒక్క ప్రశ్న పట్టుకోండి. భిన్నాలే అనుకుందాం. "భిన్నాలు బాగా చెప్పడం ఎలా?" అని అడిగితే ఎవరూ పలకరు, పలికినా ఓ పీడీఎఫ్ పడేస్తారు. మీ పిల్లలు ఎక్కడ ఆగిపోయారో చదివేవాళ్లకు కనబడదు కదా. ఏ తరగతి, పిల్లలు రాసిన తప్పు ఉన్నదున్నట్టు, మీరు ఇప్పటికే చేసి చూసింది, ఎక్కడ తేల్చుకోలేకపోతున్నారు, ఇవన్నీ ప్రశ్నలోనే ఉండాలి. ఉదాహరణకి:

"ఏడో తరగతి. 40 మందిలో 17 మంది 1/2 + 1/3 = 2/5 అని రాశారు. కాగితం మడిచి చూపిస్తే 2/5 సగం కన్నా చిన్నదని ఒప్పుకుంటున్నారు, మర్నాడు మళ్లీ అదే రాస్తున్నారు. సంఖ్యారేఖకు వెళ్లిపోవాలా, ఇంకొన్నాళ్లు మడతలే చేయించాలా?"

ఇలా రాస్తే ఆ తప్పుని తమ తరగతిలో చూసినవాళ్లు ఆగుతారు. లవాలు విడిగా, హారాలు విడిగా కూడుతున్నారంటే 1/2ని ఒకే సంఖ్యగా చూడటం లేదని, రెండు పూర్ణసంఖ్యలుగా చూస్తున్నారని ఎవరో ఒకరు అంటారు. అసలు చర్చ అక్కడ మొదలవుతుంది.

చాలామంది వదిలేసే పని ఇంకొకటి ఉంది. వచ్చిన సలహాల్లో ఒకటి చేసి చూసి, రెండు వారాల్లోపు అదే త్రెడ్‌లో ఏమైందో రాయండి, పనిచేయకపోయినా సరే. సలహా ఇచ్చినవాళ్లు మీ తర్వాతి ప్రశ్నకు వాళ్లంతట వాళ్లే వస్తారు. "థాంక్యూ సార్" దగ్గర ఆగిన త్రెడ్ వచ్చే ఏడాది వెతుక్కునేవాళ్లకు పనికిరాదు.

జవాబు – సుద్దముక్క

మనుషుల సంగతి నేను చెప్తాను. 15–20 మంది చాలు. కానీ అందరూ ఏడో తరగతి లెక్కలవాళ్లే అయితే తెలిసిందే తిరుగుతూ ఉంటుంది. సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ 1973లో రాసిన వ్యాసం సారం ఇదే: దగ్గరివాళ్లకు తెలిసింది చాలావరకు మనకూ తెలిసే ఉంటుంది, కొత్త సంగతులు దూరపు పరిచయాల నుంచి వస్తాయి. అందుకే సగం మంది మీ సబ్జెక్టువాళ్లు ఉన్నా, ఐదారుగురు ప్రాథమిక తరగతుల టీచర్లు తప్పకుండా ఉండాలి. మీరు చూస్తున్న తప్పు చాలాసార్లు మొదలయ్యేది అక్కడే. గణిత బోధన మీద పరిశోధన చేసేవాళ్లు ఒకరిద్దరు ఉంటే మరీ మంచిది. ఫాలోవర్ల సంఖ్య చూడకండి. పిల్లల పని ముందు పెట్టుకుని మాట్లాడుతున్నారా, తాము పొరబడ్డ చోట ఒప్పుకుంటున్నారా, అది చూడండి.

గంటలో 40 నిమిషాలు చదవడానికి, 20 నిమిషాలు రాయడానికి. ఆ 20 తగ్గించొద్దు. బ్లాగులకు ఫీడ్లీ లాంటి ఆర్‌ఎస్‌ఎస్ రీడర్ వాడండి, మీరు ఎంచుకున్న బ్లాగుల్లో కొత్తగా వచ్చినవన్నీ అది ఒకేచోట చూపిస్తుంది. ఆ బ్లాగుల జాబితాని అప్పుడప్పుడు ఓపీఎంఎల్ ఫైలుగా (ఏ రీడర్‌లోకైనా ఎక్కించుకోగల జాబితా ఫైలు) దించి దాచుకోండి. 2013 జులైలో అలాంటి రీడరే అయిన గూగుల్ రీడర్ మూతపడినప్పుడు ఆ ఫైలు ఉన్నవాళ్లు జాబితా మొత్తాన్ని ఇంకో రీడర్‌లోకి మార్చుకోగలిగారు. ముఖ్యమైన పదిమంది ఈమెయిళ్లు కూడా విడిగా రాసుకోండి. యాప్ ఏదైనా ఒకనాటికి మారుతుంది.

జవాబు – మార్జిన్

పై ఇద్దరూ చెప్పనివి కొన్ని.

నెట్‌వర్క్‌లో అందంగా కనబడే అబద్ధాలు వేగంగా తిరుగుతాయి. "చదివింది 10 శాతం, చేసింది 90 శాతం గుర్తుంటుంది" అనే పిరమిడ్ బొమ్మ అలాంటిదే, ఆ అంకెల వెనుక పరిశోధన లేదు. అనుమానం వస్తే ఎరిక్ (ERIC) అనే ఉచిత విద్యా పరిశోధనల డేటాబేస్‌లో, పీర్ రివ్యూ అయినవే (అంటే అదే రంగంలోని ఇతర నిపుణులు పరిశీలించినవే) చూపించమని గుర్తుపెట్టి వెతకండి.

పిల్లల నోటుపుస్తకం ఫొటో పెట్టేముందు పేరు, రోల్ నంబరు, బడి ముద్ర కత్తిరించండి. వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపితే ఫొటో తీసిన చోటు వివరాలు ఫైల్లోనే వెళ్లిపోవచ్చు. స్క్రీన్‌షాట్ తీసి అది పంపండి.

ఇతరుల వర్క్‌షీట్ తెలుగులోకి మార్చి పంచేముందు లైసెన్సు చూడండి. తమ పనిని ఇతరులు ఎలా వాడుకోవచ్చో రచయితలు ముందే చెప్పే క్రియేటివ్ కామన్స్ లైసెన్సుల్లో ఎన్‌డీ (ND, మార్చినది పంచకూడదు) అని ఉంటే అనువాదం పంచకూడదు, అనువాదం కూడా మార్పు కిందికే వస్తుంది. బై (BY) అని మాత్రమే ఉంటే రచయిత పేరు, లింకు, మీరు చేసిన మార్పు రాసి పంచుకోవచ్చు.

ప్రశ్న వేసినవారు

చాలా ఉపయోగపడింది. ఒక్క భయం మిగిలింది. 17 మంది తప్పు రాశారని బయటపెడితే బోధన మీదే మాట రాదా?

జవాబు – లవం హారం

వస్తుందనిపించే చోట పెట్టొద్దు మేడం. పై అధికారులు ఉన్న గ్రూపులో ఎవరూ తప్పులు మాట్లాడరు, అది సహజం. ముందు ఐదారుగురితో చిన్న గ్రూపు పెట్టండి, నెలలో ఒక్కొక్కరూ ఒక్కో తప్పు తేవాలన్నది మాత్రమే నియమం. బడి పేరు, సెక్షన్ పేరు వద్దు, తరగతి చాలు. మొదటి తప్పు మీదే పెట్టండి. ఎవరో ఒకరు ముందు పెట్టకపోతే మిగతావాళ్లు పెట్టరు.