రాజమండ్రికి కొత్తగా వచ్చినం, ఎటు పోవాలె ఏం తినాలె?

కరీంనగర్_పిల్ల:
మా ఆయనకు ట్రాన్స్‌ఫర్ అయ్యి రాజమండ్రి వచ్చి నెల అయితంది. పుష్కర్ ఘాట్ ఒక్కటే చూసినం, గోదారి నిండుగ ఎర్రగ పోతంది, మస్తుంది. వచ్చే వారం మా అత్తమ్మ మామయ్య వస్తున్నరు, అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు, ఎక్కువ మెట్లు ఎక్కలేదు. కారు ఉంది. పాపికొండల బోటు దొరుకుతదా? ఇంకోటి, ఇక్కడ హోటళ్లల్ల కూరలు మాకు చప్పగ అనిపిస్తున్నయ్, పులుసుల బెల్లం ఏందండి?? ఏమనుకోకుర్రి.

గోదారి_గట్టు:
బెల్లం గురించి ఏమీ అనుకోలేదండి, పనసపొట్టు ఆవపెట్టి వండింది తిన్నాక చెప్పండి చప్పగా ఉందో లేదో, ఆ ఘాటు ముక్కులోంచి వస్తది 😄 బోటు మాత్రం ఇప్పుడొద్దు. వరదలో తిప్పరు, ఎవరన్నా తిప్పుతానన్నా ఎక్కకండి, 2019 సెప్టెంబర్లో కచ్చులూరు దగ్గర బోటు మునిగి ఏం జరిగిందో తెలుసుగా. కార్తీకంలో పెట్టుకోండి, అప్పుడు నీళ్లు తేరుకుంటాయి, చలి కూడా బాగుంటది.

పెద్దోళ్లతో అయితే ధవళేశ్వరం వెళ్ళండి, ముందు కాటన్ మ్యూజియం చూసి, బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక దిగి ఆత్రేయపురం, అక్కడి నుంచి ర్యాలి. ర్యాలిలో జగన్మోహినీ కేశవస్వామి గుడి, ఒకే రాతి విగ్రహం, ముందు విష్ణువు వెనక మోహిని, తప్పకుండా వెనక్కి వెళ్ళి చూడండి, చాలామంది ముందు దణ్ణం పెట్టేసి వచ్చేస్తారు. దారంతా కాలవలు, కొబ్బరితోటలు, కారు దిగకపోయినా అత్తయ్యగారికి కాలక్షేపమే.

లంక_కుర్రోడు:
పైన ఆయన చెప్పిన రూట్ సూపర్ గానీ శనివారం మాత్రం వెళ్ళొద్దండి బాబూ, వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాలు మొక్కుకున్న జనం మొత్తం ఆ రోడ్డు మీదే ఉంటారు, ఓ శనివారం మేం బ్యారేజీ మీదే ఇరుక్కుపోయి అక్కడే పులిహోర పొట్లాలు విప్పుకున్నాం.

ఆత్రేయపురంలో పూతరేకులు చుట్టినవే కొంటారు అందరూ, మీరు వట్టి రేకులు విడిగా అడగండి, ఇంటికెళ్ళి బెల్లం పొడి, నెయ్యి వేసి అప్పటికప్పుడు చుట్టుకోండి. చుట్టినవి కాసేపటికి మెత్తబడిపోతాయి. బోర్లించిన కుండ మీద బియ్యప్పిండి పాలల్లో ముంచిన గుడ్డ అలా లాగి రేకు తీస్తారు చూడండి, చేసేవాళ్ళని అడిగితే చూపిస్తారు, అది చూడ్డానికే వెళ్ళొచ్చు.

సాయంత్రం ఊళ్ళో ఉంటే మెయిన్ రోడ్డు వైపు కోవా వేసిన రోజ్‌మిల్క్ తాగండి, ఆ పక్కనే ఎక్కడో ఓ చోట ఉల్లిపాయ, నిమ్మరసం కూరిన మిరపకాయ బజ్జీ. ముందు బజ్జీ, తర్వాత రోజ్‌మిల్క్, తిరగేస్తే లాభం లేదు.

కరీంనగర్_పిల్ల:
చాలా థాంక్స్ అండి, ఆదివారం పోతం. మా మామయ్య పులస చేప, పులస చేప అంటున్నరు, అదెక్కడ దొరుకుతది?

గోదారి_గట్టు:
సీజన్ ఇదే గానీ రేటు వింటే మీ మామయ్యగారే వద్దంటారు. సముద్రంలో ఉన్నంతసేపూ అది ఇలసే, వరద నీటికి ఎదురీది గోదాట్లోకి వచ్చాకే పులస. అందుకే పక్క రాష్ట్రాల నుంచి ఐసు పెట్టెల్లో వచ్చిన ఇలసని పులస అని అంటగడతారు. తెలిసిన జాలరి లేకుండా కొనకండి. హోటల్లో చవగ్గా ప్లేటు పులస అని బోర్డు కనిపిస్తే నవ్వుకుని ముందుకెళ్ళిపోండి.

లంక_కుర్రోడు:
అంతెందుకండి, మా పక్కింటాయన ప్రతి ఏడూ గోదాట్లో పట్టిందేనని తెచ్చుకుంటాడు, దొరికిందీ లేనిదీ మాకు వాసనకే తెలుస్తది. కొనాలనుకుంటే ఆదివారం వెళ్ళేటప్పుడు బ్యారేజీ దగ్గర అడిగి చూడండి, పొద్దున్నే వెళ్ళాలి. వండటం మాత్రం ఇక్కడి వాళ్ళ చేత వండించుకోండి, మట్టిదాకలో సన్న సెగ మీద, బెండకాయలు వేసి, రాత్రి వండి పొద్దున తినాలి.

కరీంనగర్_పిల్ల:
పులుసుల బెల్లం వెయ్యొద్దని చెప్పొచ్చా మరి?

గోదారి_గట్టు:
చెప్పండి. వేసేస్తారు.