కాకినాడ అఖాతం దగ్గర ఆల్టిమీటర్ గ్రావిటీని ఎంతవరకు నమ్మొచ్చు?

కోరంగి_రీసెర్చ్: నమస్కారమండి. 2013లో శ్రీహరికోట నుంచి ఎగిరిన సరళ్ ఉపగ్రహం ఆల్టిమీటర్ (రాడార్‌తో సముద్ర మట్టం ఎత్తు కొలిచే పరికరం) డేటాతో గోదావరి డెల్టా ముందున్న సముద్రానికి గ్రావిటీ గ్రిడ్ (గురుత్వాకర్షణ తేడాల పటం) చేస్తున్నాను. లోతు నీళ్లలో బాగానే వస్తోంది. హోప్ ఐలాండ్ దగ్గరికి వచ్చేసరికి పక్కపక్క ట్రాకులకే (ఉపగ్రహం కొలుస్తూ వెళ్లిన దారులకే) పొంతన లేదు, గ్రిడ్ నిండా చారలు. థీసిస్ గడువు దగ్గర పడింది, టెన్షన్‌గా ఉంది. ఈ తీరంలో పని చేసినవాళ్లు ఉన్నారా?

యానాం_తీరం: నేను చేశానండి. ముందు వేవ్‌ఫారంలు, అంటే తిరిగొచ్చిన రాడార్ ప్రతిధ్వనుల ఆకారాలు, గీసి కళ్లతో చూడండి. నడిసముద్రంలో రాడార్ ప్రతిధ్వని నిటారుగా లేచి మెల్లగా దిగుతుంది. హోప్ ఐలాండ్ వెనక నీళ్లు కదలకుండా ఉన్న రోజు అద్దంలా తిప్పికొడతాయి. కోరంగి మడ అడవుల పక్క తడి బురద కూడా అంతే. అప్పుడు తోకలో ఇంకో శిఖరం లేస్తుంది, మామూలు మోడల్ దాన్ని కూడా కలుపుకుని ఎత్తు తప్పుగా ఇస్తుంది. లేచే అంచు చుట్టూ ఉన్న భాగానికే ఫిట్ చేసే రీట్రాకర్‌కి (వేవ్‌ఫారం నుంచి ఎత్తును మళ్లీ లెక్కగట్టే పద్ధతికి) మారాక, పారేద్దామనుకున్న ట్రాకులు చాలా పనికొచ్చాయి నాకు.

కోరంగి_రీసెర్చ్: తేడా రెండు సెంటీమీటర్లే కదండీ, దానికే ఇంత గొడవా?

అమలాపురం_జియో: ఆయ్, దానికే! గ్రావిటీ తీసేది సముద్ర మట్టం ఎత్తు నుంచి కాదు, దాని వాలు నుంచి. కిలోమీటరుకి ఒక మిల్లీమీటరు వాలంటే సుమారు ఒక మిల్లీగాల్ (గ్రావిటీ తేడాల కొలమానం). 5 కిలోమీటర్లలో 2 సెంటీమీటర్లు తప్పితే 4 మిల్లీగాల్ పోయినట్టే. కక్ష్య లోపంలాంటివి దూరం మీద నిదానంగా మారతాయి కాబట్టి వాలు తీస్తే చాలావరకు పోతాయి. తీరం దగ్గర తేమ సవరణ (గాలిలో తేమ వల్ల రాడార్ సిగ్నల్‌కి అయ్యే ఆలస్యాన్ని సరిదిద్దడం), ఆటుపోటుల సవరణ అలా కాదు. ఆ తేమ కొలిచే రేడియోమీటర్ చూపులో నేల పడగానే తేమ లెక్క చెడుతుంది. అక్కడ వాతావరణ మోడల్ విలువ వాడండి.

యానాం_తీరం: ఇంకోటి. నేల మీంచి సముద్రంలోకి వచ్చే ట్రాకుల్లో సిగ్నల్ దొరకడానికి కాస్త సమయం పడుతుంది. సముద్రం నుంచి నేలకి వెళ్లేవి తీరానికి ఇంకా దగ్గరదాకా బాగుంటాయి. జోరువానలో కేఏ బ్యాండ్ (సరళ్ రాడార్ వాడే తరంగాలు) బలహీనపడుతుంది, రుతుపవనాల నాటి ట్రాకులు విడిగా చూడండి.

కోరంగి_రీసెర్చ్: చాలా థాంక్సండి. 2016 జులై తర్వాత ట్రాకులు జరుగుతూ దగ్గరపడ్డాయి కదా, అవే వాడుతున్నాను. మిగిలిన చారల్ని స్మూత్ చేసేయనా?

అమలాపురం_జియో: వద్దమ్మా. కృష్ణా-గోదావరి బేసిన్‌లో అవక్షేపాల కింద శిలల ఎత్తుపల్లాలు చదివేవాళ్లు మీ గ్రిడ్ చూస్తారు. స్మూత్ చేసిన తప్పు వాళ్లకి నిజం శిలలాగే కనిపిస్తుంది. ఓడ గ్రావిటీతో పోల్చి, కుదరని చోట ఖాళీగా వదిలేయండి. ఆ లోతు తక్కువ నీళ్లలోకి సర్వే ఓడ కూడా రాలేదు. ఆ జాగా విమానం మీంచి కొలిచి నింపాల్సిందే.