బిడ్డ మోచేయి విరిగితే ముందు పుత్తూరు కట్టా, ఆసుపత్రా?

కేసీ కాలువ ఆడబిడ్డ (చర్చ మొదలుపెట్టినవారు)

కనుమ నాటి సాయంత్రం మైదుకూరు దగ్గర మా పుట్టింటి ఊళ్ళో, నిలిపి ఉంచిన ట్రాక్టరు ట్రాలీ మీద పిల్లలతో ఆడుకుంటూ మా ఆరేళ్ళ బాబు చేయి చాచి కింద పడ్డాడు. నేను పరుగెత్తి చూసేసరికి ఎడమ మోచేయి ఉబ్బి, ముంజేయి ఒక పక్కకు తిరిగినట్టుగా ఉంది. మా నాయన వెంటనే ఎముకల కట్లకు పేరున్న పుత్తూరు పోదామన్నాడు. నలభై ఏళ్ళ కిందట బావి గట్టు మీద జారి ఆయన ముంజేయి విరిగితే పుత్తూరు కట్టుతోనే మానింది, ఆ చేత్తోనే ఇప్పటికీ ఎరువుల మూటలు దించుతాడు. అందుచేత ఆయన మాటను నేను తేలికగా తీసుకోలేదు.

అయితే కడప, రాజంపేట, రైల్వే కోడూరు, రేణిగుంట దాటి పుత్తూరు చేరడానికి కారులో కూడా నాలుగు గంటలకు తక్కువ పట్టదు. దారిలో చేయి కదలకూడదని పక్క ఊళ్ళో కట్లు కట్టే ఒక పెద్దాయన చేత వెదురు బద్దలు పెట్టించి, గుడ్డతో బిగించి కట్టించారు. ఖాజీపేట దాటాక బాబు ఏడుపు మారింది. అంతవరకు నొప్పికి ఏడ్చిన పిల్లవాడు, చెన్నూరు వచ్చేసరికి చేయి ముట్టుకోకపోయినా అరుస్తున్నాడు. సెల్ ఫోను వెలుతురులో చూస్తే వేళ్ళ కొసలు పాలిపోయి, చల్లగా తగిలాయి. కారు కడపలోనే ఆపాలని పట్టుబట్టాను. మా అన్న ఇంకా మూడు గంటల దారే కదా అన్నాడు, నేను ఒప్పుకోలేదు.

ఆసుపత్రి క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరు ఎక్స్ రే కంటే ముందు కత్తెర అడిగి కట్టు కోసేశారు. కొద్ది నిమిషాల్లో వేళ్ళకు రంగు తిరిగింది. మోచేతికి కాస్త పైన ఎముక పూర్తిగా విరిగి వెనక్కు జరిగిందని ఎక్స్ రేలో తేలింది. మధ్యాహ్నం ఆలస్యంగా గారెలు, కోడికూర తిన్నాడు కాబట్టి మత్తు ఇవ్వడానికి ఆరు గంటలు ఆగాలని మత్తు డాక్టరు చెప్పారు. ఆ ఆరు గంటలూ మా వాళ్ళు నన్ను నిలవనీయలేదు. వీళ్ళు ఏమీ చేయకుండా కూర్చోబెట్టారు, ఈపాటికి పుత్తూరులో కట్టు అయిపోయేది అన్నారు. చివరకు అర్ధరాత్రి దాటాక ఎముకను సరిచేసి, చర్మం గుండా రెండు సన్నటి వైర్లు గుచ్చి నిలబెట్టారు.

మా నాయన వాదన ఏమిటంటే, తప్పు కట్టినవానిదే తప్ప కట్టు వైద్యానిది కాదు, నేరుగా పుత్తూరు పోయి ఉంటే సూదులూ మత్తూ లేకుండానే మానేది. నా అభిప్రాయం వేరు. పెద్దల ముంజేయి సంగతి నేను మాట్లాడను గానీ, పిల్లల మోచేయి విరిగితే ఎవరి కట్టయినా ఆసుపత్రిలో చూపించాకే అనే పట్టింపు ప్రతి ఇంట్లో ఉండాలి. మీరేమంటారు?

ప్రొద్దుటూరు సేద్యగాడు

అమ్మా, బాబు కోలుకుంటున్నాడని అనుకుంటున్నాను. మీ నాయన మాటలో సగం న్యాయం ఉంది, అది చెప్పడానికే రాస్తున్నాను. బాబుకు కట్టు కట్టింది పుత్తూరులో కాదు. తరతరాలుగా అదే పని చేస్తున్న చోటికీ, ఊరూరా బద్దలు పెట్టేవాళ్ళకూ తేడా ఉంది. మా అబ్బాయికి ముంజేయి చిట్లినప్పుడు ఎక్స్ రేతోనే పుత్తూరు వెళ్ళాము. వాళ్ళు ఆ ఫిల్మును చూసి, ఆకు పసరూ గుడ్డు సొనా పట్టించి, బద్దలు పెట్టి, వేళ్ళు ఆడుతున్నాయా అని అడిగి మరీ పంపారు. మూడు వారాలకు మానింది, ఖర్చు వందల్లోనే అయింది.

పల్లెలో ఉన్నవాడు కట్టు వైపు ఎందుకు పోతాడో కూడా ఆలోచించండి. పండుగ రోజు పట్నంలో ఎముకల డాక్టరు తలుపు మూసి ఊరెళ్ళి ఉంటాడు, తెరిచి ఉన్న చోట ముందు డబ్బు కట్టమంటారు. చిన్న చిట్లుకు కూడా ఆపరేషన్ అంటారేమోనన్న భయం మాకు ఉంది, అది ఊరికే పుట్టిన భయం కాదు. పైగా ఆసుపత్రిలో ఎందుకు ఆపుతున్నారో, లోపల ఏం చేస్తున్నారో చెప్పేవారు ఉండరు. పుత్తూరులో కట్టేవాడు మన ఎదుటే కూర్చుని, మన భాషలో మాట్లాడుతూ కడతాడు. ఈ ఒక్క మర్యాద కోసమే నాలుగు గంటలు ప్రయాణం చేసి పోయేవాళ్ళు నాకు తెలుసు.

జమ్మలమడుగు అమ్మ

మా పాప రెండేళ్ళప్పుడు దసరా సెలవుల్లో వాళ్ళ మామ చేయి పట్టి పైకి లేపాడు, అంతే, ఆ చేయి వేలాడేసింది. మా వీధిలో ఒక అవ్వ చేయి పట్టుకుని ఏదో తిప్పింది, టక్కుమంది, పది నిమిషాల్లో పాప అదే చేత్తో బిస్కెట్టు అందుకుంది. ఎక్స్ రే లేదు, మందు లేదు. అటువంటి చేతి చలువను కాదనడం ఎలా?

ఎముకల వార్డు నర్సు

కడప జిల్లాలో పాతికేళ్ళు ఎముకల వార్డులో పని చేసి రిటైరైన నర్సును. జమ్మలమడుగు అమ్మ చెప్పినదానితో మొదలుపెడతాను, ఎందుకంటే ఈ చర్చ మొత్తానికి చిక్కుముడి అక్కడే ఉంది.

పాపకు జరిగింది ఎముక విరగడం కాదు. నాలుగైదేళ్ళ లోపు పిల్లలను చేయి పట్టి గుంజితే, మోచేతి దగ్గర ముంజేతి ఎముక తలను చుట్టి ఉండే పట్టీ లాంటి బంధనం (లిగమెంటు) కొద్దిగా జారి ఇరుక్కుంటుంది. ముంజేతిని ఒక పద్ధతిలో తిప్పితే అది తిరిగి చోటుకు వస్తుంది, పిల్ల నిమిషాల్లో ఆడుకుంటుంది. ఆసుపత్రిలోనూ అదే చేస్తారు. ఆ అవ్వకు ఆ మెళకువ వచ్చు, కాదనను. కానీ గుంజడం వల్ల కాక పడడం వల్ల నొప్పి వచ్చిన చేతిని, వాచిన చేతిని అదే నమ్మకంతో తిప్పితే విరిగిన ఎముక అంచు రక్తనాళంలో దిగబడవచ్చు. పడిందా, గుంజారా అన్న ఒక్క ప్రశ్న మీద పిల్ల చేయి ఆధారపడి ఉంటుంది.

సేద్యగాడు గారి అబ్బాయిది ముంజేయి. పిల్లల ముంజేతి ఎముక పచ్చి కొమ్మలా ఒక పక్క చిట్లి, మరో పక్క వంగి ఆగుతుంది. ఎముకలు పక్కకు జరగనప్పుడు ఏ ఆధారం పెట్టి కదలకుండా ఉంచినా వారాల్లో అతుక్కుంటుంది, ఎదిగే వయసు కాబట్టి చిన్న వంకరను శరీరమే సరిచేసుకుంటుంది. కట్టు వైద్యానికి మంచి పేరు రావడంలో ఇటువంటి చేతుల వాటా చాలా ఉంది. ఆ పేరు చూసి మోచేతిని కూడా తీసుకుపోతారు. మోచేతి పైభాగాన ఎముక పలుచగా, చదునుగా ఉంటుంది, పిల్లల్లో మోచేతి దగ్గర జరిగే విరుగుళ్ళలో సగానికి మించి అక్కడే. అయిదు నుంచి ఏడేళ్ళ వయసులో ఎక్కువగా చూస్తాము. చేతికి రక్తం తీసుకువెళ్ళే ప్రధాన నాళం, బొటనవేలినీ చూపుడువేలినీ ఆడించే నరం సరిగ్గా దాని ముందు నుంచే పోతాయి. ఎముక వెనక్కు జరిగినప్పుడు పై ముక్క కొస వాటి మీద నొక్కుతుంది. దానికి తోడు లోపల వాపు పెరుగుతున్న చేతికి బయట బిగుతు కట్టు పడితే ముంజేతి కండలకు రక్తం అందదు. కండ ఆ స్థితిలో 4 నుంచి 6 గంటలకు మించి తట్టుకోలేదు. మైదుకూరు నుంచి పుత్తూరు దూరాన్ని ఆ గంటలతో పోల్చి చూడండి.

న్యాయంగా మరొకటి చెప్పాలి. కండలు చచ్చి వేళ్ళు కొక్కెంలా ముడుచుకుపోయే వైకల్యాన్ని జర్మనీ శస్త్రవైద్యుడు రిచర్డ్ ఫాన్ వోల్క్‌మన్ 1881లో వివరించాడు, బిగుతు కట్లే కారణమని రాశాడు. కాబట్టి ఆసుపత్రి పిండికట్టు కూడా బిగిస్తే అదే హాని చేస్తుంది. తేడా ఏమిటంటే, ఆసుపత్రిలో వాపు తగ్గేదాకా చుట్టూ కట్టకుండా ఒక పక్కనే పిండికట్టు పలక (స్లాబ్) వేసి, గంటగంటకు వేళ్ళు చూస్తారు. కట్టు కట్టించుకుని నాలుగు గంటలు తిరుగు ప్రయాణం చేసే పిల్ల వేళ్ళను ఎవరు చూస్తారు?

ఆ ఆరు గంటల నిరీక్షణ గురించి. కడుపు నిండుగా ఉండగా మత్తు ఇస్తే తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం మీదకు రావచ్చు. వేళ్ళు వెచ్చగా, ఎర్రగా ఉండి మణికట్టు దగ్గర నాడి కొట్టుకుంటూ ఉంటే తెల్లవారేదాకా ఆగినా చేతికి నష్టం లేదు. రక్తం ఆడకపోతే మాత్రం ఆగరు, వెంటనే లోపలికి తీసుకువెళ్తారు. ఈ మాట మీకు ముందే చెప్పి ఉండవలసింది. చెప్పకపోవడం మా వైపు లోపం, దాన్ని సేద్యగాడు గారు పట్టుకున్నారు, ఒప్పుకుంటున్నాను.

ఇంట్లో ఉన్నవారు చేయగలిగింది కొంత ఉంది. చేయి ఏ వంపులో ఉందో ఆ వంపులోనే ఉంచి, మడిచిన వార్తాపత్రికో అట్టముక్కో ఆనించి, వదులుగా గుడ్డ చుట్టండి, వేళ్ళ కొసలు బయటే ఉండాలి. గాజులూ కడియమూ తీసేయండి, వాచాక రావు. గోరు నొక్కి వదిలితే రెండు సెకన్లలో ఎరుపు తిరగాలి. బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టమనండి. వేళ్ళు చాపితే పిల్ల గిలగిలలాడుతున్నా, నొప్పి నిమిషనిమిషానికి పెరుగుతున్నా ఇక ఎక్కడా ఆగవద్దు. నోటికి ఏమీ పెట్టవద్దు. 2005 నుంచి మన రాష్ట్రంలో 108 నడుస్తోంది, పండుగ రోజుల్లోనూ వస్తుంది. డబ్బు భయం ఉంటే ఆసుపత్రిలో ఆరోగ్య పథకం పని చూసేవారిని అడగండి, 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో ఉన్న పథకంలో ఏది వర్తిస్తుందో వారు చెబుతారు.

పులివెందుల గుమాస్తా

చదివి ఊరుకుందామనుకున్నాను, ఊరుకోలేకపోయాను. నాకు ఏడేళ్ళప్పుడు వేసవి సెలవుల్లో చింతచెట్టు మీద నుంచి పడ్డాను. మోచేతికి కట్టు కట్టించారు. రెండు రాత్రులు ఏడిస్తే ఎముక అతుక్కునేటప్పుడు అలాగే ఉంటుందని మా అవ్వ నన్ను ఒళ్ళో పెట్టుకుని విసనకర్రతో విసిరింది. మూడో రోజు ఏడుపు ఆగింది, తగ్గిందని అందరూ సంతోషించారు. స్పర్శ పోయినందువల్ల ఏడుపు ఆగిందని తరువాత ఆసుపత్రిలో చెప్పారు. నా కుడిచేతి వేళ్ళు ఈనాటికీ పూర్తిగా తెరుచుకోవు, ఎడమచేత్తో రాయడం నేర్చుకుని ఉద్యోగం తెచ్చుకున్నాను. నా మీద ప్రేమ లేక ఎవరూ అలా చేయలేదు. మా అవ్వ బతికినంత కాలం నా చేయి చూసి కన్నీళ్ళు పెట్టుకునేది. పిల్లవాడు ఉన్నట్టుండి ఏడుపు ఆపితే మరింత భయపడండి, అదొక్కటే నా మనవి.

ప్రొద్దుటూరు సేద్యగాడు

గుమాస్తా గారూ, మీరు రాసింది చదివాక మోచేతి విషయంలో నేను వాదించను. మా ఊరి వాట్సాప్ గుంపులో నర్సమ్మ గారి మాటలు పెట్టాను. అయినా నాకు ఒక సందేహం మిగిలే ఉంది. ఎక్స్ రేలో ఎముక జరగలేదని తేలిన ముంజేతికి కూడా కట్టు వద్దంటారా? అలా అంటే మా పల్లెలో ఎవరూ వినరు, వినకపోగా మోచేతి మాట కూడా వినడం మానేస్తారు.

ఎముకల వార్డు నర్సు

నేనైతే పిండికట్టే వేయించమంటాను. అది కూడా పెద్ద ఖర్చు కాదు, వారం తరువాత మళ్ళీ ఎక్స్ రే తీసి ఎముక జరిగిందేమో చూస్తారు. పిల్లల ఎముకల చివర్లలో ఎదుగుదల పొర ఉంటుంది, దానికి దెబ్బ తగిలితే ఆ చేయి పొట్టిగానో వంకరగానో పెరిగే ప్రమాదం ఉంది, అది పై నుంచి చూస్తే తెలియదు. అయినా మీరు ఎక్స్ రే తీయించుకుని, డాక్టరు చూశాక, పెద్దవారి విషయంలో కట్టుకే వెళ్తామంటే మీతో పోట్లాడను. పసిపిల్లల విషయంలో మాత్రం నా మాట మారదు. మరొకటి, కట్టు విప్పాక నూనె రాసి మోచేతిని బలవంతంగా వంచకండి. బిగుసుకున్న మోచేయి పిల్ల ఆటలోనే నెమ్మదిగా వదులవుతుంది. మర్దన చేస్తే కండలో ఎముక పెరిగి శాశ్వతంగా బిగుసుకుపోవచ్చు.

కేసీ కాలువ ఆడబిడ్డ

నూనె మాట సమయానికి చెప్పారు. నాలుగో వారంలో వైర్లు తీశారు, మా అవ్వ అప్పటికే నువ్వుల నూనె కాచి సీసాలో పోసి ఉంచింది. మీరు రాసింది చదివి వినిపించాను, సీసా పక్కన పెట్టింది గానీ సంతోషంగా పెట్టలేదు.

వైర్లు తీయించడానికి మా నాయన కూడా వచ్చాడు. ఇన్నాళ్ళుగా ఆసుపత్రితో మాట్లాడనన్నట్టు ఉన్న మనిషి, డాక్టరు గారిని పాత ఫిల్మూ కొత్త ఫిల్మూ పక్కపక్కన పెట్టి చూపించమన్నాడు. ఆ డాక్టరు గారు ఓపికగా కూర్చుని, ముక్క ఎటు జరిగింది, రక్తనాళం ఎక్కడ పోతుంది అని పెన్నుతో గీసి చూపించారు. తిరిగి వచ్చేటప్పుడు చెన్నూరు వంతెన మీద మా నాయన ఉన్నట్టుండి, ఆ పొద్దు నువ్వు కారు ఆపకుంటే ఈడికే పోయిండేది చెయ్యి అన్నాడు. పుత్తూరు మీద ఆయనకున్న నమ్మకం ఏమీ తగ్గలేదు, తన చేయి విరిగితే మళ్ళీ అక్కడికే పోతానంటున్నాడు. ఆ సంగతిలో మేమిద్దరం ఇంకా ఏకీభవించలేదు. కానీ కట్లు కట్టే ఆ పెద్దాయన ఇంటికి తానే వెళ్ళి, పిల్లల మోచేతికి బద్దలు పెట్టవద్దని చెప్పి వచ్చాడు. బాబు ఇప్పుడు చేతిని ముక్కాలు వంతు చాపగలుగుతున్నాడు, రోజూ పొద్దున వాళ్ళ తాత ముందు నిలబడి వేళ్ళతో సున్నా చుట్టి చూపిస్తున్నాడు.