2-క్లోరోప్రొపియోనిక్ ఆమ్లంలో మిగలవలసిన ఎస్-రూపం ఎందుకు తరిగిపోతోంది?

నమస్కారం. 2-క్లోరోప్రొపియోనిక్ ఆమ్లపు రెండు ప్రతిబింబ రూపాల (ఆర్, ఎస్) సమమిశ్రమం నుండి, కలుపు మందుల తయారీకి పనికివచ్చే ఎస్-రూపాన్ని మిగుల్చుకోవడానికి సూడోమోనాస్ పుటిడా అనే బ్యాక్టీరియా కణాలను వాడుతున్నాను. వీటిలోని డీహాలోజినేజ్ అనే ఎంజైమ్ ఆర్-రూపం నుండి మాత్రమే క్లోరిన్‌ను తొలగించి, దానిని లాక్టిక్ ఆమ్లంగా మార్చాలి. దిగుబడి ఎటూ సగానికి మించదు, అందుకు నేను సిద్ధపడే ఉన్నాను. చర్యలో ఆమ్లత్వం పెరుగుతుంది కాబట్టి సోడియం హైడ్రాక్సైడ్‌ను చుక్కలుగా వేస్తూ పి.హెచ్.ను 7 వద్ద నిలుపుతున్నాను. అయినా విడుదలైన క్లోరైడ్ మొత్తం క్లోరిన్‌లో 50 శాతం దాటి పెరుగుతూనే ఉంది. ఎస్-రూపాన్ని కూడా విచ్ఛిన్నం చేసే రెండవ డీహాలోజినేజ్ ఈ కణాలలో ఉన్నదేమోనని నా అనుమానం. ఆర్-రూపంపై మాత్రమే పనిచేసే ఎంజైమ్ జన్యువును ఈ.కోలై బ్యాక్టీరియాలో ప్రవేశపెట్టడమే మార్గమా, లేక ఉత్పరివర్తనంతో ఆ రెండవ ఎంజైమ్‌ను ఆపివేయడం సులువా? అనుభవమున్నవారు దయచేసి తెలుపగలరు.