‘కెంటకీ’ కావ్యంలో ఉన్నది అమెరికా నేలేనా?

మేపుల్‌నీడ: తూర్పు యూరప్ యూదుల భాష యిడ్డిష్‌లో రాసిన వలస రచయితలు అమెరికాను కళ్ళెత్తి చూడలేదని, పాత ఊళ్ళను తలుచుకుని ఏడ్చారని ఈ చర్చావేదికలో ఒకరు రాశారు. నేను ఒప్పుకోను. యిడ్డిష్ కవి ఐ.జె. ష్వార్ట్జ్ 1918లో న్యూయార్క్ వదిలి కెంటకీ రాష్ట్రంలోని లెక్సింగ్టన్‌కు తరలివెళ్ళి, ‘కెంటకీ’ (1925) అనే దీర్ఘకావ్యాన్ని యిడ్డిష్‌లోనే రాశాడు. అమెరికా అంతర్యుద్ధం ముగిశాక వీపున మూటతో వచ్చిన యూదు వర్తకుడు అక్కడ వేళ్ళూనుకోవడమే దాని కథ. మొదటి భాగం పేరే ‘కొత్త నేల’.

ఇరుకుగది: ఒక్క కావ్యాన్ని అందరికీ సాక్ష్యంగా నిలబెట్టకండి. 1908లో తూర్పు యూరప్‌లోని గలీషియా ప్రాంతం నుంచి న్యూయార్క్ వచ్చిన యిడ్డిష్ కవి మోయిషె-లేబ్ హాల్పెర్న్ రాసిన ‘మన తోట’ కవిత చదవండి. అందులో చెట్టుకు ఏడే ఆకులు, గడ్డి కనబడాలంటే భూతద్దం కావాలి, పచ్చికమీద పడుకున్నవాళ్ళను కావలివాడు కర్రతో తరుముతాడు. ‘ఇదేనా మన తోట’ అని కవి పదేపదే అడుగుతాడు.

మేపుల్‌నీడ: ఏడు ఆకులని లెక్కపెట్టాడంటే ఆ చెట్టును చూసినట్టే కదా!

ఇరుకుగది: లెక్కపెట్టడం వేరు, నీడ దక్కడం వేరు.

దారినపోయేవాడు: ఆ ఏడు ఆకులూ రాలేదాకా వీరు వదిలేలా లేరు.

మేపుల్‌నీడ: ఇరవై రెండేళ్ళుగా న్యూజెర్సీలో ఉంటున్నాను. మా పెరటి మేపుల్ చెట్టు గురించి కథ రాసి పంపితే, మంచు కథలు మాకెందుకు, గోదావరి గురించి రాయండని ఒక సంపాదకుడు తిప్పి పంపారు. మీరు మాట్లాడుతున్నదీ ఆయన మాటే.

ఇరుకుగది: కాదండీ. మీకు పెరడు ఉంది కనుక చెట్టు కనబడింది. నేను మొదటి మూడేళ్ళూ నలుగురితో కలిసి ఉన్న నేలమాళిగ కిటికీలోంచి పక్కవారి కారు చక్రాలు తప్ప మరేమీ కనబడేవి కావు. లెక్సింగ్టన్‌లో ష్వార్ట్జ్‌కు వ్యాపారం ఉంది. న్యూయార్క్‌లోని యిడ్డిష్ కవుల్లో మానీ లేబ్ చెప్పులు కుట్టాడు, లేవిక్ గోడలకు కాగితాలు అంటించాడు. వారికి దక్కిన అమెరికా ఎంతో, వారి కవిత్వంలోకి వచ్చిన అమెరికా కూడా అంతే. పాత ఊరి మీద బెంగ ఒక్కటే కారణమంటే నేను ఒప్పుకోను.

మేపుల్‌నీడ: ఈ మాట ముందే అని ఉంటే ఇంత గొడవ జరిగేది కాదు. అయితే ‘కెంటకీ’ని చివరిదాకా చదివారా? నేల దక్కిన ఆ వర్తకుడి సంతానమే తరం తరానికీ యూదుతనానికి దూరమవుతుంది. నన్ను భయపెట్టేది అదే. నా మేపుల్ కథను మా అబ్బాయి చదవలేడు.

ఇరుకుగది: కథ ఇక్కడ పెట్టండి, నేను చదువుతాను. ఏడు ఆకుల సంగతి మాత్రం ఒప్పుకోను.