‘మా అమ్మ’ అంటే ఎవరెవరికి అమ్మ?

మా మేనకోడలికి నాలుగేళ్ళు, ఒక్కతే కూతురు. ఈ మధ్య వాళ్ళమ్మని నిలదీసింది: “నాకు తమ్ముడూ లేడు, చెల్లీ లేదు కదా, మరి ‘మా అమ్మ’ అని ఎందుకనాలి?”

“మా అంటే నీకూ, నాన్నకూ” అంది మా వదిన, తప్పించుకుందామని.

“నాన్నకి అమ్మ నువ్వా? నానమ్మ కదా!”

నానమ్మ కల్పించుకుని, అలా అనడం మర్యాద అంది. “మరి ‘నా పలక’ అంటానుగా, పలకకి మర్యాద వద్దా?”

ఎవరి దగ్గరా జవాబు లేదు. పలక, చెప్పులు, కాలు, పేరు... వీటికి ‘నా’. అమ్మ, ఇల్లు, ఊరు, బడి... వీటికి ‘మా’. ఇక్కడ ‘మా’ తలలు లెక్కపెట్టే బహువచనం కాదనీ, మనం ఎక్కడివాళ్ళమో, ఎవరివాళ్ళమో చెప్పే మాటనీ నాకు తోస్తుంది. కాకపోతే ఈ వివరణ నాలుగేళ్ళ పిల్లకి ఎక్కదు. పైగా ‘మా ఆయన’, ‘మా ఆవిడ’ సంగతి తను ఇంకా గమనించలేదు. గమనించిన రోజు ఇంట్లో ఎవరూ ఉండకపోవడం మంచిది.

ఇద్దరు పిల్లలున్న ఇంట్లో తంటా వేరు. ‘మా’లో వినేవాడికి చోటు లేదు కదా. మా పక్కింట్లో అక్క కోపంలో తమ్ముడితో “మా అమ్మకి చెప్తా” అంటే వాడు బొమ్మ సంగతి మరిచిపోయి, “అమ్మా, నువ్వు నాకు అమ్మవి కాదంట!” అని ఏడుపు. వ్యాకరణం ప్రకారం వాడి ఫిర్యాదు న్యాయమైనదే. అక్కడ ‘మన అమ్మ’ అనాలి.

బెంగళూరులో పెరుగుతున్న మా చుట్టాలబ్బాయిది దీనికి తిరగేసిన కేసు. ఎదురింటి తెలుగావిడతో “మనం రేపు తిరుపతి వెళ్తున్నాం” అన్నాడు. “అయితే నేనూ బట్టలు సర్దుకోనా?” అని ఆవిడ అడిగితే, “వద్దాంటీ, మనమే వెళ్తున్నాం!” అని గట్టిగా చెప్పాడు. వాడు ఆడుకునేది కన్నడంలో, చదివేది ఇంగ్లీషులో. ఇప్పటి కన్నడంలో మన ‘మేము’, ‘మనం’ రెంటికీ ‘నావు’ ఒక్కటే, ఇంగ్లీషులో ‘వి’ ఒక్కటే, హిందీలోనూ ‘హమ్’ ఒక్కటే. తమిళంలో నామ్–నాంగళ్, మరాఠీలో ఆపణ్–ఆమ్హీ మనలాగే వేరుగా ఉన్నాయి. చెన్నైలోనో పుణేలోనో పెరిగితే వాడికి ఈ తికమక తక్కువగా ఉండేదేమో.

తమాషా ఏమిటంటే, అదే పిల్లాడు “మనం ఆడుకుందాం” దగ్గర ఎప్పుడూ తప్పడు. ‘-దాం’ వచ్చిందంటే వినేవాళ్ళు కూడా లెక్కలో ఉన్నట్టే, “మేము ఆడుకుందాం” అని ఎవరం అనం. ఈ సూత్రం వాడికి ఎవరూ చెప్పలేదు.

గ్రూపులో పెద్దలకి ఒక ప్రశ్న. మామూలుగా ‘మా అమ్మాయి’ అనేవాళ్ళమే ముద్దొస్తే ‘నా తల్లే, నా బంగారమే’ అంటాం. అక్కడ ‘మా’ పోయి ‘నా’ ఎందుకొస్తుంది? మీ వైపు ‘మా బంగారమే’ అని కూడా అంటారా?